కుర్చీని తిరగేసి చూడండి

శ్రీకాకుళం జిల్లా భావనపాడు చుట్టుపక్కల పాత ఇంట్లో పొడుగు చేతుల పడక కుర్చీ ఉందంటే, దానికో కథ కూడా ఉంటుంది. తాత రంగం (రంగూన్) నుంచి ఓడలో తెచ్చాడనో, దొర వెళ్లిపోతూ ఇచ్చాడనో చెబుతారు. రెండూ జరగదగినవే. ఈ తీరం నుంచి రంగూన్‌కు పనికి వెళ్లని ఊరు అరుదు. కానీ 1942లో జపాన్ సేనలు బర్మాను ఆక్రమించినప్పుడు అడవుల వెంట నడిచి వచ్చినవాళ్లు కుర్చీలు మోసుకురాలేదు. కుర్చీ వస్తే అంతకుముందే, ఓడ మీద రావాలి.

మా తాతది కూడా బర్మా టేకు కుర్చీయే అంటారు. టేకు అన్నంత మాత్రాన కుర్చీ అక్కడ తయారైనట్టు కాదు. దూలాలుగా దిగిన బర్మా టేకును మన వడ్రంగులూ చెక్కారు. ఈ సంగతి నాకు తెలిపిన వడ్రంగి మాట ఇంకా చెవిలో ఉంది: "పైన మెరుపు ఏటి సూస్తారు బాబూ, తిరగేసి సూడండి."

తిరగేస్తే చాలా తెలుస్తుంది. పైన పాలిష్ ఎన్నిసార్లయినా మారుతుంది. అడుగు భాగాన్ని ఎవరూ ముట్టుకోరు. చిత్రిక పట్టని చోట రంపపు గీతలు చూడాలి. అవి వంపులు తిరిగి ఉంటే మిల్లులో గుండ్రటి రంపం కోసినట్టు. ప్లస్ గుర్తు తల ఉన్న మరలు 1930ల ముందు లేవు. అవి కనిపిస్తే కుర్చీ ఆ తర్వాతిదైనా కావాలి, తర్వాత మరమ్మతైనా జరిగి ఉండాలి. పేము అల్లికకు తొలిచిన బెజ్జాలు ఎడం తప్పి ఉంటే చేతిపని కావచ్చు. తరిమెన పట్టిన కాలును రెండు వైపులా కొలవండి. వందేళ్లలో కర్ర అడ్డంగా ముడుచుకుని, గుండ్రం కాస్తా కోలగా మారుతుంది.

మన జిల్లాల పక్కనే ఈ పనికి ప్రపంచ ఖ్యాతి ఉంది. ఈస్టిండియా కంపెనీ ఉన్న విశాఖపట్నంలో 18వ శతాబ్దంలో రోజ్‌వుడ్ మీద ఏనుగు దంతం పొదిగి, లతలు చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపేవారు. ఆ పని లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. మద్రాసు గవర్నర్‌గా చేసిన అలెగ్జాండర్ వించ్‌కు చెందిన దంతపు కుర్చీలను 1781లో మూడో జార్జి రాజు తన భార్య కోసం కొన్నాడు. మీ ఇంట అలాంటిది ఉంటే అమ్మకానికి పెట్టకండి. ఏనుగు దంతం వ్యాపారం మన దేశంలో నేరం.

మామూలు కుర్చీ విలువ కట్టేటప్పుడు మూడు లెక్కలు వేరుచేసుకోవాలి: గుమ్మం ముందుకొచ్చి కొనే వ్యాపారి ఇచ్చేది, వేలంలో పలికేది, అదే కర్రతో అదే పని ఇప్పుడు చేయిస్తే అయ్యేది. మొదటిది చాలాసార్లు మిగతా రెంటికీ అందనంత దిగువన ఉంటుంది. నూరేళ్లు దాటిన పాతవస్తువులకు 1972 నాటి పురావస్తు చట్టం వర్తించవచ్చు. దేశం దాటించే ముందు దాని సంగతి తేల్చుకోవాలి.

అన్నింటికన్నా పెద్ద నష్టం ప్రేమతో చేసేదే. 2018లో తిత్లీ తుఫానుకు తడిసిన సామాను ఎండబెట్టి, గీకి, వార్నిష్ కొట్టి, వదులైన కీళ్లకు మేకులు దిగ్గొట్టారు చాలామంది. ఆ మేకు కర్రను చీలుస్తుంది. గీకిన పొర మళ్లీ రాదు. తడిసిన కుర్చీని నీడన నెమ్మదిగా ఆరనివ్వండి. కీలు విప్పి మళ్లీ జిగురుతో అతికే వడ్రంగిని వెతకండి.

మూలపేట పోర్టు పనులతో ఈ ప్రాంతం రూపు మారుతోంది. ఇళ్లు మారితే పాత సామానే ముందు బయటకు వెళుతుంది. అమ్మినా, ఉంచినా, ముందు అడుగు భాగం ఫోటోలు తీయండి. కుటుంబం చెప్పే కథ ఒక కాగితం మీద, కర్ర చెప్పే సాక్ష్యం ఇంకో కాగితం మీద రాయండి. రెండూ కలవకపోతే కుర్చీ విలువేమీ తగ్గదు. మనవళ్లకు నిజం మిగులుతుంది.