మయసభలో ఎవరు నవ్వారు?

మొన్న ఆదివారం భోజనాలయ్యాక టీవీలో ‘హనుమాన్’ వచ్చింది. మా మనవరాలికి తొమ్మిదేళ్లు. 2024 సంక్రాంతికి వచ్చిన ఆ సినిమాను ఇప్పటికి ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. అయినా మొదట్లో వచ్చే ఆ కుర్రాడి ఘట్టం మాత్రం కళ్లార్పకుండా చూస్తుంది. సూపర్‌హీరో కావాలని పిచ్చిపట్టిన కుర్రాడు వాడు. కథల్లో సూపర్‌హీరోలకు అమ్మానాన్నలు ఉండరని కనిపెట్టి, తన అమ్మానాన్నల్ని తానే చంపేస్తాడు. పెద్దయ్యాక వాడే విలన్ మైకేల్. ఆ ఘట్టం అయిపోగానే పిల్ల నా వైపు తిరిగింది.

“తాతయ్యా, వీణ్ని చూసి పాపం అనుకోవాలా, వద్దా?”

“వద్దు” అన్నాను. కునుకు పట్టే వేళ. అది తలూపి మళ్లీ సినిమాలో పడిపోయింది. కునుకు పోయింది నాకు.

ఫ్లాష్‌బ్యాక్‌తో నాకున్న పాత వైరం ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. ఇంటర్వెల్ అయ్యాక అరగంటపాటు హీరో గడ్డం ఎందుకు పెంచాడో చెప్పే సినిమాల మీద ఇక్కడ ఎన్ని వారాలు తగలేశానో మీకు తెలుసు. ఆ జబ్బు విలన్లకు ఎప్పుడో అంటుకుంది. 2000లో వచ్చిన ‘ఎక్స్‌మెన్’ తెర తీయగానే నాజీల నిర్బంధ శిబిరం, అమ్మానాన్నల నుంచి విడదీసిన పసివాడు. వాడే మాగ్నెటో. 2018లో ‘బ్లాక్ పాంథర్’ కిల్‌మాంగర్ తండ్రిని సొంత అన్నే చంపి, పిల్లాణ్ని దిక్కులేకుండా వదిలేసి వెళ్లిపోతాడు. అదే ఏడాది వచ్చిన థానోస్ సృష్టిలో సగాన్ని మాయం చేయబోతూ కూతురి కోసం కన్నీళ్లు పెట్టుకున్నాడు. మరుసటి ఏడాది ‘జోకర్’లో హీరోనే తీసేశారు, ఇక మిగిలింది విలన్ కష్టాలే.

సంగీత్ థియేటర్ ఊసు లేకుండా ఈయన కాలమ్ ముగియదని ఒక పాఠకుడు ఆ మధ్య ఉత్తరం రాశారు. ఇదిగో, ఎత్తుతున్నాను. నేను సంగీత్‌లో చూసిన మొదటి ‘సూపర్‌మ్యాన్’లో లెక్స్ లూథర్ అని ఒకడుంటాడు. కాలిఫోర్నియా తీరాన్ని సముద్రంలో ముంచేస్తే ఇవతల తాను కొని పెట్టుకున్న ఎడారి భూములకు రేటు వస్తుందని వాడి పథకం. వాడి బాల్యం గురించి ఏడుపు కథేమీ చెప్పలేదు, రియల్ ఎస్టేట్ అని మాత్రం చెప్పారు. సికింద్రాబాద్ వాళ్లకు అంతకు మించి వివరణ అక్కర్లేకపోయింది. ఆ థియేటరే ఇప్పుడు లేదు.

పక్క మీద దొర్లుతూ నాకు నేను చెప్పుకున్న వాదన ఇదీ. మనవాళ్లు విలన్‌కు ఠీవి ఇచ్చారు, జాలి జోలికి పోలేదు. 1951లో ‘పాతాళభైరవి’ నేపాళ మాంత్రికుణ్ని చిన్నప్పుడు ఎవరు కొట్టారో, ఎవరు అన్నం పెట్టలేదో కె.వి. రెడ్డి చెప్పలేదు. ఎస్.వి. రంగారావు గడ్డం నిమురుకుంటే చాలింది. ‘నర్తనశాల’లో ఆయన కీచకుడు అంతే, పశ్చాత్తాపం లేదు, పాత గాయం లేదు. జకార్తా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి ఆ కీచకుడికే వచ్చింది. 1961లో ‘సీతారామ కల్యాణం’ తీస్తూ ఎన్టీఆర్ రాముడి వేషం హరనాథ్‌కు ఇచ్చి రావణుణ్ని తన దగ్గర ఉంచుకున్నారు. పేగులు తెంచి వీణ మీటే ఆ రావణుణ్ని చూసి నోరెళ్లబెట్టామే తప్ప ఎవరమూ “పాపం” అనలేదు. నిన్నగాక మొన్న ‘కల్కి 2898 ఏడీ’లో ఉత్తర గర్భం మీదికి అస్త్రం వేసిన అశ్వత్థామను తీసుకొచ్చి ఓ గర్భిణికి కాపలా పెట్టారు. పాపం చేసినవాడికి మనం పని అప్పగిస్తాం, ఓదార్చం.

బాగుంది కదా? కాలమ్ ఇక్కడితో అయిపోయిందని నేనూ అనుకున్నాను. ఈలోగా బాబాయి గుర్తొచ్చాడు.

1966లో సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడ్డాక తెనాలి వైపు నుంచి వచ్చిన కుటుంబాల్లో మాది ఒకటి. నాన్న, బాబాయి ఇద్దరూ గుమస్తాలు. తెనాలి మట్టి ఏమిటో గానీ, బాబాయి ట్రంకు పెట్టెలో బట్టలకంటే ముందు మేకప్ డబ్బా సర్దుకుని దిగాడు. ఏటా వినాయక చవితి పందిట్లో కాలనీ వాళ్ల ముందు ఆయన మయసభ ఏకపాత్రాభినయం ఉండి తీరాలి. కిరీటం అద్దెది, గద రేకుది, మీసం సొంతం.

తెలిసిన కథే. మయుడు కట్టిన సభలో దుర్యోధనుడు నేలను చూసి నీళ్లనుకుని పంచె ఎత్తుకుంటాడు, నీళ్లను చూసి నేలనుకుని పడతాడు. బాబాయికి మొదటి సగం మీద శ్రద్ధ ఉండేది కాదు. స్తంభాలను, తోరణాలను గబగబా మెచ్చుకుని పడటం దగ్గరికి వచ్చేసేవాడు. పడటానికి ముందు రోజు నుంచి ఉపవాసం ఉన్నట్టు పడేవాడు. తర్వాత నవ్వు వినిపించాలి. రంగస్థలం మీద నవ్వేవాళ్లు ఎవరూ ఉండరు కదా, ఆ నవ్వు ఆయన ముఖంలోనే మాకు వినిపించేది. మెల్లగా తలెత్తి, పందిట్లో కుడివైపు ఆడవాళ్లు కూర్చున్న చోటుకేసి చూసేవాడు. ద్రౌపది మేడ మీద అక్కడే నిలబడి ఉందన్నమాట. అక్కడ మా పిన్ని కూర్చుని ఉండేది.

కాలనీ అంతటికీ దాని వెనక కథ తెలుసు. మా మేనత్త పెళ్లిలో బాబాయి పట్టుపంచె కట్టుకుని పానకం బిందె ఎత్తుకుని వస్తూ తడి బండల మీద కాలుజారి బోర్లాపడ్డాడు. ఇల్లంతా ఘొల్లుమంది. అప్పటికి కొత్త కోడలైన పిన్ని అందరికంటే గట్టిగా నవ్విందని బాబాయి ఫిర్యాదు. ఏళ్ల తరబడి ఆ ఫిర్యాదు వినాయకుడి సమక్షంలో కిరీటంతో సహా నడిచింది. 1977 సంక్రాంతికి ‘దానవీరశూరకర్ణ’ వచ్చింది. ఎన్టీఆర్ కృష్ణుడూ, కర్ణుడూ, దుర్యోధనుడూ తానే వేసి, కొండవీటి వెంకటకవి చేత మాటలు రాయించి, దుర్యోధనుడికి ఏకంగా డ్యూయెట్ కూడా పెట్టించారు. ఆ ఏడాది నుంచి బాబాయి గొంతు మారిపోయింది. చూపు మాత్రం కుడివైపుకే. “వన్స్‌మోర్” అని అరిచేవాళ్లలో నేను మొదటివాణ్ని. అరిచినప్పుడల్లా ఆయన మళ్లీ పడేవాడు, మళ్లీ అటు చూసేవాడు. పిన్ని కొంగు సర్దుకుని తలదించుకునేది.

మంచం మీద లేచి కూర్చున్నాను. మయసభ ఏమిటి మరి? అచ్చమైన విలన్ ఫ్లాష్‌బ్యాకే కదా! వీడు ఇలా అయ్యాడంటే అదిగో ఆ నవ్వే కారణం అని చెప్పే ఫ్లాష్‌బ్యాక్. హాలీవుడ్‌కు ఊహ తెలియకముందే మన బడుల్లో వార్షికోత్సవాలకు పిల్లలు అట్టముక్క కిరీటాలతో ఆడుతున్న ఫ్లాష్‌బ్యాక్. జాలి జోలికి పోలేదన్న నా వాదన మంచం దిగకముందే కూలింది.

అక్కడితో పోలేదు. అలమరలోని భారతం తీశాను. వ్యాసుడి సభాపర్వంలో జరిగింది జరిగినట్టు చెప్పే చోట, దుర్యోధనుడు నీళ్లలో పడితే నవ్వినవాళ్లు భీముడు, అర్జునుడు, కవలలు, పనివాళ్లు. ద్రౌపది పేరు అక్కడ లేదు. ఆవిడ చెలికత్తెలతో కలిసి నవ్విందన్న మాట తర్వాత ఎప్పుడో వస్తుంది. హస్తినకు వెళ్లిన దుర్యోధనుడు తండ్రి దగ్గర వెళ్లబోసుకున్న గోడులో వస్తుంది. ఎదురుగా ఉన్నది కళ్లులేని తండ్రి, కొడుకంటే ప్రాణం. ఆ గోడునే మనం పట్టుకున్నాం. ఏకపాత్ర అన్నాక ఇంకో పాత్ర రావడానికి వీల్లేదు. “నేను నవ్వలేదు” అనడానికి ఆవిడకు రంగస్థలం మీద చోటే లేదు. పైగా తర్వాతి అంకంలో ఆవిడకు జరగబోయేదానికి ముందే రసీదు రాసిచ్చినట్టయింది.

ఇప్పుడు ‘హనుమాన్’ తీసిన ప్రశాంత్ వర్మ చూపించిన కుర్రాడి దగ్గరికి వస్తే, నాకు ఒప్పుకోవడం కష్టంగానే ఉంది. వాడి చిన్నతనం వాడు చెప్పుకున్నది కాదు. వాడు ఏం చేశాడో మనం కళ్లారా చూశాం. వాణ్ని ఎవరూ నవ్వి అవమానించలేదు. బాట్‌మ్యాన్‌కు అమ్మానాన్నలు లేకపోవడమే అర్హత అనుకున్న వెర్రి అభిమాని వాడు. మన హాళ్లలో కటౌట్లకు పాలు పోసేవాళ్లకు దూరపు చుట్టం. పిల్లకు నేను “వద్దు” అనడం తొందరపాటే, ఎందుకంటే ఆ సినిమా అసలు పాపం అడగనే లేదు. అడిగినవాడు దుర్యోధనుడు. యాభై ఏళ్లకు పైగా ఇస్తూ వచ్చినవాణ్ని నేను. నిజం చెప్పొద్దూ, రేపు ఏ పందిట్లోనైనా ఎవరైనా సరిగ్గా పడితే మళ్లీ ఇస్తాను.

బుధవారం పిన్నికి ఫోన్ చేశాను. ఎనభై దాటింది, బెంగళూరులో కూతురి దగ్గర ఉంటోంది. మోకాళ్లు, బీపీ, మనవడి వీసా అన్నీ అయ్యాక, మేనత్త పెళ్లిలో పానకం బిందె సంగతి ఎత్తాను.

“నేనెక్కడ నవ్వానురా? ఆ వేళప్పుడు పెరట్లో పొయ్యి దగ్గర బూరెలు వేస్తున్నాను. కేకలు విని వచ్చేసరికి మీ బాబాయి లేచి పంచె దులుపుకుంటున్నాడు. నవ్వింది మీ నాన్న. కడుపు పట్టుకుని మరీ నవ్వాడు.”

బాబాయి పోయి పదకొండేళ్లు. ఈ మాట ఆయనకు ఎప్పుడైనా చెప్పావా పిన్నీ అన్నాను.

“అడిగితేగా” అంది.