కొండ మీద రేడియో: బ్యాటరీ, ఛార్జర్ ఎంపికలో మెళకువలు

ఇంగ్లండ్‌లో అన్నిటికన్నా ఎత్తయిన కొండ స్కాఫెల్ పైక్. ఎత్తు 978 మీటర్లు. దాని మీదికి ఎక్కే జనంలో అప్పుడప్పుడు ఒకరో ఇద్దరో అందరికీ కాస్త ఎడంగా కూర్చుంటారు. చేపలు పట్టే పొడవాటి ఫైబర్ కర్రకి సన్నటి తీగ కట్టి నిలబెడతారు. ఒళ్లో చిన్న రేడియో పెట్టుకుని "సీక్యూ సోటా" అని పిలవడం మొదలుపెడతారు. సోటా అంటే సమ్మిట్స్ ఆన్ ది ఎయిర్. 2002 మార్చి 2న బ్రిటన్‌లో మొదలైన ఈ కార్యక్రమం తర్వాత చాలా దేశాలకు పాకింది. కొండెత్తును బట్టి 1 నుంచి 10 దాకా పాయింట్లుంటాయి. కనీసం నాలుగు స్టేషన్లతో మాట్లాడితేనే అవి దక్కుతాయి. వెయ్యి పాయింట్లు కూడబెట్టినవాళ్లని 'మౌంటెన్ గోట్' అంటారు.

పాయింట్ల సంగతి అలా ఉంచితే, సోటాకి దాని తీరునిచ్చింది కరెంటు గురించిన నిబంధన. పెట్రోలు, డీజిలు జనరేటర్లు వాడకూడదు. శిఖరం మీద ఏ భవనంలోనో ఉన్న ప్లగ్గులోంచి కరెంటు తీసుకోకూడదు. కారులోంచీ, కారు పక్కనుంచీ మాట్లాడకూడదు. బ్యాటరీ గానీ, సోలార్ పలక గానీ వాడుకోవచ్చు, దాన్ని కొండ మీదికి మనమే మోసుకెళ్లాలి. అందుకే ఈ హ్యామ్‌లు, అంటే అమెచ్యూర్ రేడియోవాళ్లు, రేడియో మోడళ్ల గురించి ఎంత మాట్లాడుకుంటారో బ్యాటరీల గురించీ అంతే మాట్లాడుకుంటారు. నన్నడిగితే రేడియోకన్నా బ్యాటరీ ఎంపికలోనే ఎక్కువ తెలివి కావాలి. బ్యాటరీకన్నా దాని ఛార్జర్ ఎంపికలో ఇంకా ఎక్కువ కావాలి.

ముందు మనకెంత కావాలో లెక్క తేల్చుకోవాలి. యాయెసు కంపెనీ ఎఫ్‌టీ-817 కొండలెక్కేవాళ్లకు బాగా తెలిసిన 5 వాట్ల రేడియో. వింటున్నంతసేపూ అర ఆంపియర్‌కి కొంచెం తక్కువగా, పూర్తి శక్తితో పంపేటప్పుడు సుమారు 2 ఆంపియర్లు లాగుతుంది. గంటలో 40 నిమిషాలు విని, 20 నిమిషాలు మాట్లాడామనుకుందాం. వినడానికి 0.3, మాట్లాడడానికి 0.67, మొత్తం సుమారు 1 ఆంపియర్-అవర్. మాటల మధ్య విరామాల్లో కరెంటు తగ్గుతుంది కాబట్టి నిజానికి ఇంతకన్నా తక్కువే అవుతుంది. అంటే 4 ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఉంటే కొండ మీద ఓ పూట హాయిగా గడిచిపోతుంది. ఎలెక్రాఫ్ట్ కేఎక్స్2 వంటి పొదుపైన రేడియో అయితే వినేటప్పుడు 135 మిల్లీ ఆంపియర్లతోనే సరిపెట్టుకుంటుంది. దానికి ఇందులో సగం బ్యాటరీ చాలు.

100 వాట్ల రేడియో పట్టుకెళితే ఇంకా బాగా వినపడదా అని కొత్తవాళ్లు అడుగుతారు. వినపడుతుంది, కానీ ఎంత? శక్తి ఇరవై రెట్లు పెంచితే అవతలివాళ్ల మీటరు మీద ముల్లు రెండు ఎస్-యూనిట్లకన్నా కాస్త ఎక్కువ కదులుతుంది. అందుకోసం పలికినప్పుడల్లా 20 ఆంపియర్లు ఇవ్వగల బ్యాటరీని భుజాన మోయాలి. ఆ ఎత్తూ, చుట్టూ విశాలంగా ఉన్న ఆకాశమూ, ఊళ్లోని విద్యుత్ రొద లేని నిశ్శబ్దమూ మనకు ఊరికే దొరికిన బలం. కొండెక్కేదే ఆ బలం కోసం కదా.

తొలిరోజుల్లో చాలామంది మోసుకెళ్లింది సీల్ చేసిన లెడ్-యాసిడ్ బ్యాటరీనే. మన ఇళ్లలో కంప్యూటర్ యూపీఎస్ విప్పితే కనిపించే 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ల నల్లటి పెట్టె అదే. చవక, మొండిది. కానీ బరువు రెండు కిలోలు దాటుతుంది. పైగా ఆ 7 అనే అంకె 20 గంటలపాటు నెమ్మదిగా, 0.35 ఆంపియర్ల చొప్పున వాడితే వచ్చేది. రెండేసి ఆంపియర్లు లాగితే అంత రాదు. సగానికి మించి ఖాళీ చేస్తూ పోతే ఆయుష్షు తరిగిపోతుంది. ఖాళీ చేసి అలాగే మూలన పడేస్తే పలకల మీద సల్ఫేటు గట్టిపడి మళ్లీ ఛార్జింగు పట్టదు. నేర్చుకునే రోజుల్లో ఇంటి డాబా మీద వాడుకోవడానికి మంచిదే, కొండకి మాత్రం వద్దు.

మోడల్ విమానాలు ఎగరేసేవాళ్ల నుంచి వచ్చినవి లిథియం పాలిమర్ బ్యాటరీలు. అదే శక్తికి వీటి కన్నా తేలికైనవి దొరకడం కష్టం. చిక్కల్లా వోల్టేజీతోనే. మూడు సెల్‌లవి నిండుగా ఉన్నప్పుడు 12.6 వోల్టులిస్తాయి, వాడుతుంటే 11కి, ఆ కిందికి జారతాయి. 13.8 వోల్టుల కోసం తయారైన పెద్ద రేడియో అక్కడ మూగబోతుంది, లేదా గొంతు బొంగురుపోతుంది. పోనీ నాలుగు సెల్‌లవి తీసుకుందామంటే నిండుగా ఉన్నప్పుడు 16.8 వోల్టులు. 15 వోల్టులు దాటకూడదని రాసి ఉన్న కేఎక్స్2 లాంటి రేడియోకి నేరుగా తగిలిస్తే దాన్ని చేజేతులా పాడుచేసుకున్నట్టే. పాలిమర్ సెల్ పైపొర పలచన. రాయి గుచ్చుకున్నా, ఉబ్బినా అది ప్రమాదం. ఉబ్బినదాన్ని మళ్లీ ఛార్జ్ చేయనే కూడదు.

వీటన్నిటి మధ్య నేను నిస్సంకోచంగా ఓటేసేది లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌కి. టెక్సాస్ విశ్వవిద్యాలయంలో పాధీ, నంజుండస్వామి, గుడెనఫ్ కలిసి ఈ పదార్థం గుణాన్ని 1997లో పరిశోధనా వ్యాసంగా ప్రకటించారు. గుడెనఫ్‌కి 2019లో నోబెల్ వచ్చింది. ఒక్కో సెల్ 3.2 వోల్టులు. నాలుగు కలిపితే 12.8, పూర్తిగా ఛార్జ్ చేసేటప్పుడు 14.6. రేడియోలు అడిగే వోల్టేజీకి ఇంత చక్కగా సరిపోయేది మరొకటి లేదు. పాలిమర్‌కన్నా కొంచెం బరువే గానీ లెడ్ బరువులో సగం కూడా ఉండదు. వేడికి తట్టుకుంటుంది, తేలిగ్గా మంటలంటుకోదు. సరిగ్గా చూసుకుంటే వేల సార్లు ఛార్జ్ చేయొచ్చు.

దీనికీ ఒక గుణముంది, ముందే తెలుసుకోవాలి. వాడుతున్నంతసేపూ వోల్టేజీ 13 దగ్గరే దాదాపు కదలకుండా నిలబడి, ఆఖర్న ఒక్కసారిగా పడిపోతుంది. వంటింట్లో గ్యాస్ బండ లాగా చివరిదాకా మంట ఒకేలా ఉంటుంది. కాబట్టి వోల్ట్‌మీటరు చూసి ఇంకా ఎంత మిగిలిందో చెప్పలేం. ఎంత వాడామో లెక్కపెట్టే చిన్న వాట్‌మీటరు ఒకటి తీగ మధ్యలో పెట్టుకోవాలి.

కొన్న బ్యాటరీ మీద రాసిన అంకెని నమ్మి కొండెక్కకండి. ఇంట్లోనే పరీక్షించే సులువైన పద్ధతి ఉంది. కారు ఇండికేటర్‌లో వాడే 12 వోల్టుల 21 వాట్ల బల్బు ఒకటి తెచ్చి, నిండుగా ఛార్జ్ చేసిన బ్యాటరీకి ఫ్యూజు ద్వారా తగిలించండి. అది సుమారు 1.7 ఆంపియర్లు లాగుతుంది. గడియారం చూసి టైము రాసుకోండి, పక్కన మల్టీమీటరు పెట్టండి. బల్బు బాగా వేడెక్కుతుంది కనుక ఏ పింగాణీ పళ్లెంలోనో ఉంచండి. వోల్టేజీ 12కి దిగగానే ఆపేయండి. 4 ఆంపియర్-అవర్లని అమ్మిన బ్యాటరీ అయితే బల్బు రెండు గంటలు దాటి వెలగాలి. గంటకే దిగిపోతే చెప్పిన కెపాసిటీ అందులో లేదన్నమాట.

ఇక ఛార్జర్. బ్యాటరీలు చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌కి మొదట స్థిరమైన కరెంటు, తర్వాత 14.6 వోల్టుల దగ్గర స్థిరమైన వోల్టేజీ ఇచ్చి, లోపలికి పోయే కరెంటు బాగా తగ్గాక ఆగిపోయే ఛార్జర్ కావాలి. కారు బ్యాటరీ ఛార్జర్లలో సల్ఫేటు వదిలించడానికి ఎక్కువ వోల్టేజీ పల్సులు పంపే ఏర్పాటుంటుంది. అవి లిథియం ప్యాక్ లోపలి రక్షణ సర్క్యూట్‌ని దెబ్బతీయగలవు. రకరకాల బ్యాటరీలకు పనికొచ్చే హాబీ ఛార్జర్ మంచి వస్తువే, కానీ ప్రతిసారీ రకం సరిగా ఎంచుకోవాలి. నాలుగు సెల్‌ల ఐరన్ ఫాస్ఫేట్‌ని పాలిమర్ సెట్టింగ్‌లో పెడితే 16.8 వోల్టుల దాకా తోయడానికి చూస్తుంది. ఇంట్లో ఇంకొకరు కూడా ఛార్జింగు పెడతారనుకుంటే ఆ ఒక్క రకానికే పనికొచ్చే ఛార్జర్ కొనడం మేలు. కరెంటు విషయంలో తొందర వద్దు. 4 ఆంపియర్-అవర్లకు 2 ఆంపియర్లు చాలు, రెండు గంటల పైచిలుకులో నిండుతుంది. సోలార్ పలకతో వాడే ఎంపీపీటీ కంట్రోలర్లు చాలావరకు షార్ట్‌వేవ్ బ్యాండ్లలో బరబరమని రొద పుట్టిస్తాయి. వినేటప్పుడు వాటిని తీసేయాలి.

చలికాలంలో బ్రిటన్ కొండల మీద ఉష్ణోగ్రత సున్నా కిందికి పోతుంది. అప్పుడు బ్యాటరీ శక్తి తగ్గుతుంది కాబట్టి కోటు లోపల పెట్టుకుని ఎక్కుతారు. దిగివచ్చాక చల్లగా ఉండగానే ఛార్జింగు పెట్టకూడదు. సున్నా కింద ఛార్జ్ చేస్తే లోపల లిథియం లోహంగా పేరుకుని సెల్ శాశ్వతంగా దెబ్బతింటుంది. మన దగ్గర బాధ వేడితో. హార్సిలీ హిల్స్‌కో అనంతగిరికో రేడియో పట్టుకెళ్లేవాళ్లు మే నెల ఎండలో తలుపులేసిన కారులో బ్యాటరీ వదిలి వెళ్లకూడదు. విమానంలో వెళ్లేవాళ్లు విడి లిథియం బ్యాటరీని చేతిసంచిలోనే ఉంచుకోవాలి. 100 వాట్-అవర్ల లోపుంటే మామూలుగా ఇబ్బంది ఉండదు. 12.8 వోల్టుల 4 ఆంపియర్-అవర్ల ప్యాక్ సుమారు 51 మాత్రమే.

ఇదంతా పాయింట్ల కోసమేనా? 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోకి చెందిన భారతీ ప్రసాద్ పోర్ట్ బ్లెయిర్‌లో రేడియో కార్యక్రమం మీద ఉన్నారు. మిగతా సంబంధాలు తెగిపోయిన ఆ రోజుల్లో అండమాన్ నుంచి కబుర్లు బయటికి చేరడానికి ఆమె, ఆమె బృందం రేడియోలు ఎంతో ఉపయోగపడ్డాయి. ప్లగ్గు లేని చోట స్టేషన్ నడపడం తుఫాను వచ్చిన నాడు నేర్చుకుంటే వచ్చేది కాదు. సరదాగా కొండలెక్కుతూ, ఉన్న కరెంటుతో ఎంతసేపు నిలబడగలమో లెక్కపెట్టుకుంటూ అలవరచుకోవాల్సిన పని అది.

లైసెన్సు వచ్చి మొదటిసారి బ్యాటరీ కొనబోయేవాళ్లకు ఒక్క మాట. బ్యాటరీతోపాటే దాని ఛార్జర్ కూడా కొనండి. ఛార్జర్ మీద ఏ రకం బ్యాటరీకో, ఎన్ని వోల్టుల దగ్గర ఆగుతుందో రాసి ఉందా చూడండి. రాయని ఛార్జర్ ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకండి.