కాదనే వీలు

ఈ వారం సూరత్‌లోని మా ఉన్ వీధిలో ఒక కుర్రాడి నోట జపనీస్ విని మనసు నిండింది. జపాన్ సాయంతో వస్తున్న, 2017లో శంకుస్థాపన జరిగిన బుల్లెట్ రైలుకు సూరత్ స్టేషన్ అంత్రోలిలో కడుతున్నారు. ఆ పనుల్ని చూసే అతనికి జపాన్ మీద ఆశ పుట్టింది. తాతలు సిరిసిల్ల నుంచి సాంచాల (మరమగ్గాల) పనికి వచ్చిన కుటుంబం వాళ్లది.

అయితే ఏది అడగాలన్నా అతనిది ఒకటే రూపం, 'కుదసాయ్'. ఉదాహరణకు 'మత్తె కుదసాయ్', ఆగండి. ఇది మర్యాదే, కానీ వ్యాకరణంలో ఆజ్ఞారూపం. దుకాణంలో సరిపోతుంది, పై అధికారి దగ్గర ఆదేశంలా తగలొచ్చు. అక్కడ ముందు 'సుమిమసెన్ గా' (క్షమించండి, కానీ) అని, 'మత్తె ఇతదకెమసెన్‌కా' అనాలి. మీరు ఆగితే ఆ మేలు నేను పొందలేనా అన్న భావం. స్నేహితుడికైతే 'మత్తె' చాలు, మరికాస్త మెత్తగా 'మత్తె కురెనాయ్?', అంటే నాకోసం ఆగవా అని. మెత్తదనం వచ్చే కొద్దీ ఆజ్ఞ పోయి ప్రశ్న వస్తుంది, అందులోనూ వ్యతిరేక రూపంలో.

అడగడం నేర్పని చదువు సగం చదువేనని ఈ కాలమ్‌లో ఎన్నోసార్లు రాశాను. సూరత్ తెలుగు పిల్లల మాటల్లో 'అండి' కరువైందనీ వాపోయాను. ఈసారీ అదే రాయబోతుంటే సాంచాలు నడిపిన మా చిన్నాయన గుర్తొచ్చాడు.

సాంచాల రొదలో మాట వినపడదు. పక్క సాంచ అతని చెవి దగ్గరికి వంగి, "అన్నా, జర నా సాంచ చూడరాదే, నీళ్లు తాగొస్త" అనేవాడు. కూలి మీటర్ల లెక్కన. దారం తెగింది చూడకపోతే బట్టకు మచ్చ, కూలికి కోత. తన సాంచాలతో పాటు ఇంకొకరివి కాయడం అవతలివాడికి భారమే. అందుకే 'చూడు' అనేవాడు కాదు. అవతలివాడు చేతిలో పనుంటే తల అడ్డంగా ఊపేవాడు, చిన్నాయన మరొకరి దగ్గరికి వెళ్లేవాడు. మరుసటి పూట ఇద్దరూ కలిసే చాయ్ తాగేవారు.

ఆ 'రాదే'లో 'అండి' లేదు, అయినా 'కురెనాయ్' చేసే పనంతా ఉంది. మర్యాదను 'అండి'తో కొలిస్తే ఇది లెక్కకు రాదు. తోటి పనివాడితో 'ఇతదకెమసెన్‌కా' అంటే గౌరవం కాదు, ఎడం పెరుగుతుంది. ఎదుటివాడు నొచ్చుకోకుండా కాదనగలిగితే అది మంచి అభ్యర్థన. ఆ కుర్రాడికి జపనీస్ నేర్పేవాళ్లు కార్ఖానా తెలుగు నుంచే మొదలుపెట్టాలి.