‘ఏలూరెళ్ళాలి’ కథలో కన్నతండ్రి స్థానం

చాగంటి సోమయాజులు (చాసో, 1915–1994) కథల్లో విమర్శకులు ఎక్కువగా చర్చించిన వాటిలో ‘ఏలూరెళ్ళాలి’ ఒకటి. ముసలి భర్త మరణిస్తే తన గతి ఏమిటన్న భయంతో మాణిక్యమ్మ ఒక యువకుని ద్వారా బిడ్డను పొందుతుంది. ఏళ్ళ తరువాత ప్రయాణంలో అతనికి తారసపడుతుంది. ఈ కథను స్త్రీ ఆర్థిక భద్రత దృష్టితో చదవడం పరిపాటి. ఆ పఠనం సరైనదే. అయితే కన్నతండ్రి స్థానం ఏమిటన్న ప్రశ్న అందులో మరుగున పడుతుంది. దూరమైన తండ్రికి బిడ్డను చూసే హక్కు, సవతి తండ్రి దత్తత వంటి వివాదాలు న్యాయస్థానాలకు చేరుతున్న నేపథ్యంలో ఆ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

చట్టం గుర్తించే తండ్రి

1872 నాటి సాక్ష్య చట్టం 112వ సెక్షన్ ప్రకారం వివాహబంధంలో పుట్టిన బిడ్డకు భర్తే తండ్రి. బిడ్డ కడుపున పడిన కాలంలో దంపతులు కలుసుకునే అవకాశమే లేదని రుజువైతే తప్ప ఈ నిర్ణయం మారదు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 116వ సెక్షన్ కూడా ఇదే చెబుతుంది. మాణిక్యమ్మ ఉపాయం నిలబడింది ఈ పునాది మీదనే. బిడ్డకు పేరు, ఆస్తి భర్త నుంచి వస్తాయి. కన్నవాడు చట్టం దృష్టిలో పరాయివాడు.

విడాకులు పొందిన తండ్రి పరిస్థితి వేరు. బిడ్డ తల్లి దగ్గర పెరుగుతున్నా అతని పితృత్వం చెరిగిపోదు. కనుకనే 1890 నాటి సంరక్షకుల చట్టం కింద గానీ, 1955 నాటి హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద గానీ బిడ్డను కలిసే వీలు కోరగలడు. చాసో కథలోని యువకునికి అడగడానికి ఆధారమే లేదు. అతనికి దక్కిన ఆ కలయిక హక్కుగా వచ్చింది కాదు, యాదృచ్ఛికంగా వచ్చింది.

దత్తత, ఇంటిపేరు

శ్రీకాకుళంలో పుట్టిన చాసో బాల్యంలోనే చాగంటివారింటికి దత్తత వెళ్ళి విజయనగరంలో స్థిరపడ్డారు. రచయిత జీవితాన్ని కథకు వివరణగా చూపడం సరికాదు. అయినా దత్తతలో పేరూ ఆస్తీ కలిసి నడుస్తాయన్నది ఆయనకు కేవలం పుస్తకజ్ఞానం కాదని గుర్తించవచ్చు.

1956 నాటి హిందూ దత్తత చట్టం 12వ సెక్షన్ ప్రకారం దత్తత జరిగిన నాటి నుంచి పుట్టింటి బంధాలు తెగి, కొత్త ఇంటి బంధాలు ఏర్పడతాయి. తల్లి మారుమనువు చేసుకున్నంత మాత్రాన ఆమె భర్త బిడ్డకు సహజ సంరక్షకుడు కాడు. అతడు దత్తత తీసుకోవాలంటే, సన్యాసం, మతత్యాగం, న్యాయస్థానం ప్రకటించిన మతిస్థిమిత లోపం వంటి సందర్భాల్లో తప్ప, బతికి ఉన్న కన్నతండ్రి సమ్మతి అవసరం. దూరంగా ఉన్నాడన్న కారణం ఒక్కటే ఆ సమ్మతికి ప్రత్యామ్నాయం కాదు.

తండ్రి మరణించినచోట వివాదం అతని కుటుంబంతో వస్తుంది. వితంతువు పునర్వివాహం చేసుకుంటే బిడ్డలకు సంరక్షకుణ్ణి నియమించమని భర్త తరఫు బంధువులు కోరే వీలు, 1983లో రద్దయిన 1856 నాటి వితంతు పునర్వివాహ చట్టం 3వ సెక్షన్‌లోనే ఉండేది. 2022 జూలై 28న సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఆంధ్ర కుటుంబం కేసులోనూ తాత, నాయనమ్మలు సంరక్షణ కోరారు. కింది కోర్టు బిడ్డను తల్లి దగ్గరే ఉంచి, వారికి పరిమితంగా చూసే వీలు కల్పించింది. హైకోర్టు బిడ్డకు మొదటి ఇంటిపేరు పునరుద్ధరించాలనీ, తల్లి రెండవ భర్తను అవసరమైనచోట సవతి తండ్రిగా నమోదు చేయాలనీ ఆదేశించింది. సుప్రీంకోర్టు ఈ ఆదేశాలను రద్దు చేసి, ఇంటిపేరు నిర్ణయించే హక్కు తల్లిదేనని తేల్చింది. ఆ లోపు 2019లో సవతి తండ్రి బిడ్డను దత్తత తీసుకున్నాడు.

ఈ తల్లి చట్టం ద్వారా సాధించినదాన్ని మాణిక్యమ్మ చట్టాన్ని ఉపయోగించుకుని రహస్యంగా సాధించింది. ఇద్దరి విషయంలోనూ బిడ్డ ఎవరి పేరుతో పెరగాలన్న నిర్ణయం తల్లిదే. ఒకరిది బహిరంగ నిర్ణయం. మరొకరిది బయటపడితే సర్వస్వం పోయే నిర్ణయం. ‘ఏలూరెళ్ళాలి’లోని సాహసాన్ని కొలవవలసింది ఈ తేడాతోనే.

బిడ్డ పక్షం

తల్లిదండ్రులిద్దరి సాన్నిహిత్యం బిడ్డ హక్కు అని సుప్రీంకోర్టు 2020లో ఒక తీర్పులో స్పష్టం చేసింది. ఈ కోణంలో చూస్తే నష్టపోయినవాడు యువకుడు మాత్రమే కాదు. తెలియకుండానే పిల్లవాడూ నష్టపోయాడు. అతడు పెద్దవాడై నిజం తెలుసుకున్నా దారి సులభం కాదు. తనను కన్నది వేరొకరని నిరూపించుకోవాలన్న కేరళ యువకుని కేసులో 2025 జనవరిలో సుప్రీంకోర్టు వివాహబంధపు పితృత్వాన్నే సమర్థించింది. జన్యు పరీక్షకు అనుమతించలేదు.

చాసో కథ ఈ నష్టాన్ని పట్టించుకోదు; పిల్లవాని మనసులోకి ప్రవేశించదు. దీన్ని లోపంగా ఎంచి కన్నతండ్రి హక్కును కథలోకి తేవడం ఉచితం కాదు. ఆ హక్కు గుర్తింపు పొందిన క్షణాన మాణిక్యమ్మకు నిలువనీడ ఉండదు. అయితే ఆమె తెగువను కొనియాడే విమర్శ, ఆ భద్రతకు మూల్యం చెల్లించినవారిలో పిల్లవాణ్ణి కూడా లెక్కించాలి. వారసుడు ఉంటే తప్ప స్త్రీకి రక్షణ లేని వ్యవస్థ ఒక బిడ్డకు కన్నతండ్రిని అపరిచితుణ్ణి చేసింది. కథ నేరం మోపేది మాణిక్యమ్మ మీద కాదు, ఆ వ్యవస్థ మీద.