వెనక సీటుకో దీపం

మన దగ్గర తిరిగే చిన్న కార్లలో చాలావాటికి లోపల ఉండేది ఒకే ఒక్క దీపం. అదీ ముందు అద్దం దగ్గర, డ్రైవరు నెత్తి మీద. తయారుచేసినవాళ్ల లెక్కలో కారంటే డ్రైవరూ, ఆయన పక్కన కూర్చున్న మనిషీ. వెనక కూర్చునే ముగ్గురూ, మన ఇళ్లలో అయితే ఆ ముగ్గురి ఒళ్లో ఇంకొకరూ, చీకట్లోనే ఎక్కాలి, చీకట్లోనే దిగాలి. చంటివాడి బూటు, టిఫిన్ డబ్బా మూత, పెద్దవాళ్ల మాత్రల పట్టీ, ఏది జారినా ఆ చీకట్లోకే. ఇక సెల్‌ఫోను టార్చి వేసి, నడుం వంచి, సీటు కింద తడుముతూ "ఒక్క నిమిషం బండి పక్కకి ఆపండి" అనడం వెనక సీటువాళ్ల నిత్యకృత్యం.

కారులో దీపాలు మార్చుకోవాలని నాకు చాన్నాళ్లుగా ఉంది. సరదాకే. ఇంట్లో కూర్చుని ఒక ఆదివారం చేసుకోగలిగిన పనుల్లో ఇంత తక్కువ ఖర్చుతో, ఇంత కళ్లకు కనపడే ఫలితం ఇచ్చేది మరొకటి లేదు. ఏం పెట్టించమంటావని అమ్మనడిగాను. ఆమెకి మోకాళ్ల నొప్పులు, ఎప్పుడూ వెనకే కూర్చుంటుంది. "నాకు మొహాలు కనపడక్కర్లేదురా, కాలు ఎక్కడ పెడుతున్నానో కనపడితే చాలు" అంది. కార్ డెకార్ షాపులో ఎవరూ చెప్పని మాట అది. అక్కడికి వెళ్లి లైట్లు కావాలంటే ముందుగా చూపించేది డ్యాష్‌బోర్డు పొడవునా వేసే రంగుల తీగ. అరవై నాలుగు రంగులంటారు, పాటకు తగ్గట్టు ఆడుతుందంటారు, ఫోనులో యాప్ ఉందంటారు. కాలు ఎక్కడ పెట్టాలన్నది మాత్రం ఆ యాప్‌లో ఉండదు.

ముందు పైనున్న దీపం సంగతి. దాని మూత తీయడమే సగం పని. మూతకు ఒక అంచున గోరు పట్టేంత సందు ఉంటుంది. అక్కడ స్క్రూడ్రైవరు పెట్టి పెకలిస్తే మూత వస్తుంది, పక్క ప్లాస్టిక్ మీద గీతా వస్తుంది. గడువు తీరిన ఏటీఎం కార్డు దీనికి బంగారం లాంటి పనిముట్టు. సందులో దూర్చి మెల్లగా తిప్పితే టక్కుమని ఊడుతుంది. ఎండల్లో నానిన ప్లాస్టిక్ పెళుసుబారి ఉంటుంది కాబట్టి పొద్దున చల్లటి వేళ కన్నా బండి కాస్త వెచ్చబడ్డాక తీయడం మేలు.

లోపల రెండు చివర్లా లోహపు టోపీలున్న చిన్న గాజు గొట్టం కనపడుతుంది. షాపులో ఫెస్టూన్ బల్బంటే ఇస్తారు. దీనికి పొడవే ప్రాణం: 31, 36, 39, 41 మిల్లీమీటర్లు అని రకాలున్నాయి. 36 పట్టే చోట 39 కుక్కితే క్లిప్పులు వంగిపోతాయి, 31 పెడితే మొదటి గతుక్కే రాలి చేతిలో పడుతుంది. పాత బల్బు జేబులో వేసుకుని షాపుకి వెళ్లడం ఉత్తమం. కొన్ని కార్లలో దీని బదులు టీ10 అనే, అడుగు చదునుగా ఉండే బుడ్డి బల్బు ఉంటుంది. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట కొనేవాళ్లు ఇంకోటి కూడా చూసుకోవాలి. అక్కడ లారీ సామాను ఎక్కువ. లారీల్లో చాలావాటిది 24 వోల్టుల కరెంటు, కారుది 12. లారీ బల్బు కారులో పెడితే ఎర్రగా మిణుకుమంటుందే తప్ప వెలగదు.

పాత బల్బు 5 వాట్లదో 10 వాట్లదో అయివుంటుంది. 5 వాట్లది ఇచ్చే వెలుగు 50 ల్యూమెన్ల లోపే, మిగతాదంతా వేడి. కాసేపు వెలిగాక ముట్టుకుంటే వేలు చురుక్కుమంటుంది. మూతలు పచ్చబడేది అందుకే. అదే వెలుగు ఎల్‌ఈడీ ఒక్క వాటులోపే ఇస్తుంది. లాభం ఎక్కడంటే బ్యాటరీ దగ్గర. చిన్న కారు బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లది. తలుపు సరిగా పడక 10 వాట్ల బల్బు రాత్రి పది గంటలు వెలిగితే ఎనిమిది ఆంపియర్ అవర్లు పోయినట్టే. నాలుగేళ్ల బ్యాటరీ అయితే తెల్లారి బండి తోయడానికి పక్కింటివాళ్లను లేపాల్సిందే. ఒక వాటు ఎల్‌ఈడీ అదే పది గంటల్లో ఒక ఆంపియర్ అవర్ కూడా తాగదు. ఎల్‌ఈడీ పెట్టాక వెలగకపోతే కంగారుపడి షాపువాణ్ని తిట్టకండి. దానికి ప్లస్, మైనస్ ఉంటాయి. తీసి అటుది ఇటు తిప్పి పెడితే సరిపోతుంది.

రంగు దగ్గర మాత్రం షాపువాడితో పేచీ తప్పదు. అడక్కుండానే 6000 కెల్విన్ తెలుపు చేతిలో పెడతాడు. "బ్రైటుంటది సార్" అంటాడు. పాత బల్బు వెలుగు 2700, 3000 మధ్య ఉండేది. తెల్ల ఎల్‌ఈడీ నిజానికి నీలిది. నీలం చిప్పు మీద పసుప్పచ్చ ఫాస్ఫర్ పూత వేస్తే తెల్లగా కనపడుతుంది. ఆ నీలం ఎల్‌ఈడీని సాధించినందుకే ఇసాము అకాసాకి, హిరోషి అమానో, షుజి నకమురాలకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. పూత పలచబడేకొద్దీ నీలం బయటపడుతుంది, మనుషులు జ్వరంతో లేచొచ్చినవాళ్లలా కనపడతారు. గులాబీ మాత్రకూ తెల్ల మాత్రకూ తేడా తెలియదు. 3000 నుంచి 4000 లోపు వెచ్చని తెలుపు అడిగి మరీ తీసుకోవాలి. వెనక గోదాములోంచి విసుక్కుంటూ తెస్తాడు, తేనీయండి.

ఇంతకీ పైదీపం ఎంత మంచిదైనా బండి నడుస్తుంటే వేయలేం. రాత్రి రైలు కిటికీలోంచి చూస్తే బయట ఊళ్లు కనపడవు, మన మొహమే కనపడుతుంది. కారు ముందద్దానిదీ అదే కథ. లోపలి వెలుగు బయటి వెలుగును మించగానే గాజు కాస్తా అద్దమైపోతుంది. "లోపల లైటు తియ్యండ్రా, రోడ్డు కనపడట్లేదు" అని ప్రతి ఇంట్లో నాన్నలు కసిరేది చాదస్తం కాదు.

రెండో కారణం కంట్లోనే ఉంది. మసక చీకట్లో మనకు చూపునిచ్చేవి రెటీనాలోని దండ కణాలు. వాటిలో ఉండే రొడాప్సిన్ అనే పదార్థం గట్టి వెలుగు పడగానే విరిగిపోతుంది. మళ్లీ పూర్తిగా పేరుకోవడానికి ఇరవై నుంచి ముప్ఫై నిమిషాలు పడుతుంది. ఈ కణాలు నీలి ఆకుపచ్చకి, సుమారు 500 నానోమీటర్ల దగ్గర, బాగా స్పందిస్తాయి. ముదురు ఎరుపు వాటికి దాదాపు పట్టదు. విమానాల కాక్‌పిట్లలో ఎర్ర దీపాలు వాడింది, బీఎండబ్ల్యూ వాళ్లు దశాబ్దాలపాటు మీటర్ల మీద నారింజ రంగు వెలిగించింది ఇందుకే. మరి రైలు పెట్టెలో రాత్రి దీపం నీలంగా ఉంటుంది కదా అనొచ్చు. అక్కడ రైలు నడిపేవాడు ఆ పెట్టెలో లేడు. పడుకున్నవాళ్లు మధ్యరాత్రి చెప్పులు వెతుక్కోవడానికి ఆ కాస్త నీలం చాలు. మన ఇళ్లలో జీరో బల్బు కూడా ఇలాంటిదే, పేరుకి జీరో గానీ 12 నుంచి 15 వాట్లు తాగేది.

లారీల వాళ్లని చూస్తే ఈ విషయంలో మనకన్నా వాళ్లే నయం. క్యాబిన్ నిండా రంగు లైట్లు, దేవుడి పటం చుట్టూ సీరియల్ సెట్టు ఉంటాయి నిజమే, కానీ ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు అవన్నీ ఆర్పేసి, పటం దగ్గర ఒక్క ఎర్ర చుక్క ఉంచే డ్రైవర్లను చూశాను. డ్యాష్‌బోర్డు మీద నీలం తీగ వెలిగించుకుని ఔటర్ రింగు రోడ్డు మీద వంద వేగంలో పోయే కుర్రాళ్లకు రోడ్డు మీద నల్ల గేదె ఎలా కనపడుతుందో నాకు అర్థం కాదు.

కాబట్టి నేను వేసింది కింద. ముందు సీట్ల అడుగున, వెనకవాళ్ల పాదాల మీద పడేట్టు చెరొక పదిహేను సెంటీమీటర్ల ఎల్‌ఈడీ పట్టీ. కరెంటు స్టీరింగు కింద ఉన్న ఫ్యూజు పెట్టెలోంచి, లోపలి దీపానికున్న ఫ్యూజు దగ్గర్నుంచే. ఫ్యూజు ట్యాప్ అని చిన్న ప్లగ్గు దొరుకుతుంది. అది గుచ్చితే కంపెనీ వైరు ఒక్కటి కూడా కోయక్కర్లేదు. కోస్తే వారంటీతో పేచీ. పని మొదలెట్టే ముందు పది నంబరు పానాతో బ్యాటరీ మైనస్ టెర్మినల్ విప్పేయాలి, ముందు మైనస్సే.

పాత పద్ధతి కార్లలో ఒక చిత్రం ఉంది. దీపానికి ప్లస్ ఎప్పుడూ అందుతూనే ఉంటుంది. తలుపు అంచున రబ్బరు టోపీతో ఉండే బొడిపె స్విచ్చు, తలుపు తెరవగానే మైనస్ వైరుని బండి బాడీకి, అంటే ఎర్త్‌కి, కలుపుతుంది. పట్టీ మైనస్సుని ఆ వైరుకే జత చేస్తే తలుపు తెరిస్తే వెలుగుతుంది, మూస్తే ఆరుతుంది. వేరే స్విచ్చు లేదు, మరిచిపోయే గొడవ లేదు. మీ బండి ఏ పద్ధతిదో మల్టీమీటరు పెట్టి చూసుకోవాలి, ఊహించకూడదు.

వైరు దారి చెబుతాను. తలుపు గడప మీది ప్లాస్టిక్ పట్టీ పైకి లాగితే క్లిప్పులు ఊడి వస్తుంది. దాని కింద కంపెనీ వైర్ల కట్ట ఉంటుంది. మన రెండు వైర్లూ దాని పక్కనే పోనిచ్చి, మ్యాటు కింద నుంచి సీటు అడుగుకి తేవాలి. సీటు ముందుకీ వెనక్కీ జరుగుతుంది కాబట్టి అక్కడ జానెడు వైరు అదనంగా వదలాలి, పట్టాలకు దూరంగా కట్టాలి. సీటు కింద పసుపు రంగు ప్లగ్గులు కనపడితే చెయ్యి వెనక్కి తీసుకోండి. అవి ఎయిర్‌బ్యాగులవి. మల్టీమీటరు కూడా పెట్టకూడదు.

పట్టీలో మూడేసి ఎల్‌ఈడీలకొక చోట రాగి చుక్కలూ కత్తెర గుర్తూ ఉంటాయి. అక్కడే కోయాలి. ఒక్కో ఎల్‌ఈడీకి మూడు వోల్టుల చొప్పున మూడింటికీ తొమ్మిది పోగా, మిగిలింది చిన్న రెసిస్టర్ మింగుతుంది. ఇంజను ఆగివుంటే బ్యాటరీ 12.6 వోల్టులు ఇస్తుంది, నడుస్తుంటే 14 పైకి వెళుతుంది. ఆ మిగులు వేడిలోనే చవక పట్టీలు మాడేది. వరసలో రెండు 1ఎన్4007 డయోడ్లు వేస్తే ఒక్కోటి 0.7 వోల్టు పట్టుకుంటుంది, పట్టీకి 12.6 దగ్గర్లో అందుతుంది. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో రూపాయికో రెండు రూపాయలకో దొరుకుతాయి. పట్టీ వెనకున్న జిగురుని మాత్రం నమ్మలేం. మే నెల ఎండలో నిలబెట్టిన కారులో అది కరిగి పట్టీ వేలాడుతుంది. స్పిరిట్‌తో తుడిచి అంటించి, పైన రెండు చోట్ల ప్లాస్టిక్ ట్యాగులు బిగించాను.

చట్టం సంగతి అడిగేవాళ్లుంటారు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 108వ నిబంధన ముందువైపు ఎర్ర దీపం కనపడకూడదంటుంది. బండి లోపలి దీపాలకు మినహాయింపు ఉంది. అలాగని పోలీసాయనకు ఈ నిబంధన చదివి వినిపించే అవసరం తెచ్చుకోకపోవడం మంచిది.

ఇదంతా చూసి మా బావగారు తన కొత్త కారు తెచ్చారు. "నాకూ పెట్టరా" అన్నారు. కొత్త కార్లలో బొడిపె స్విచ్చు స్థానంలో కంట్రోల్ మాడ్యూలు ఉంటుంది. కింద పట్టీల జోలికి పోకుండా పైన బల్బొక్కటే మార్చాను. తలుపు వేశాక కూడా అది సన్నగా వెలుగుతూనే ఉంది. మాడ్యూలు ఆర్పినా పిసరంత కరెంటు వదులుతుంది. పాత ఫిలమెంటుకి అది చాలదు, ఎల్‌ఈడీకి చాలు. బల్బుకి పక్కగా ఒక కిలో ఓము, అర వాటు రెసిస్టర్ కలిపితే మామూలుగా పోతుంది. ఆ మాటే చెప్పాను.

"ఎందుకురా, జీరో బల్బులా బాగానే ఉంది, ఉండనీ" అన్నారాయన. అక్కయ్య మాత్రం వెనక నుంచి, "నా వైపు ఇంకా చీకటేగా" అంది. రెసిస్టర్ తెచ్చి సొరుగులో పెట్టాను. మాడ్యూలుని ముట్టుకోకుండా అక్కయ్య కాళ్ల దగ్గరికి వెలుగు ఎటు నుంచి తేవాలో ఆ కారు ఫ్యూజుల పటం ముందేసుకుని చూస్తున్నాను.