షోయబుల్లా పేరు మీద సుద్దులు

జవహర్‌నగర్‌లో కిరాయి ఇల్లు వెతుక్కున్న రోజులు మేం మరచిపోలేదు. నాచారం రోడ్డు దిగి, 'టు లెట్' బోర్డున్న ఒక ఇంటి ముందు ఆగాం. ఇంటాయన చదువుకున్నవాడే, అభ్యుదయవాదే. మా పేరు అడిగాడు, చెప్పాం. పత్రికలో పని అనగానే షోయబుల్లా ఖాన్‌ని తలచుకున్నాడు. 'ముసల్మానంటే అట్లుండాలె' అన్నాడు. ఇంటి మాట ఎత్తేసరికి మాత్రం 'అల్లుడు వస్తున్నడు' అన్నాడు. వారం తర్వాత కూడా బోర్డు అక్కడే వేలాడుతోంది.

తెలుగు రాతల్లోనూ షోయబుల్లా ఇట్లాగే కనిపిస్తాడు. రజాకార్ల దౌర్జన్యం చెప్పేటప్పుడు తెస్తారు, మాకు నీతి చెప్పి పంపేస్తారు. మంచి ముసల్మాన్‌కి కొలబద్ద ఆయన. కొలిచే చెయ్యి మాత్రం ఎప్పుడూ వాళ్లదే!

ఇంతకీ ఆయన చేసిందేమిటి? 'ఇమ్రోజ్' ఉర్దూ పత్రిక. నిజాం సర్కారు చదివే భాష, రజాకార్లు చదివే భాష, ఆయన ఇంటి భాష. హైదరాబాద్ భారత యూనియన్‌లో కలవాలని ఆ భాషలోనే రాశాడు. పరాయివాళ్లకు బుద్ధులు చెప్పలేదు, తనవాళ్ల కళ్లల్లోకి చూసి తప్పును తప్పన్నాడు. 1948 ఆగస్టులో ఆఫీసు నుంచి ఇంటికి పోతుంటే కాచిగూడలో చంపారు. రాసే చేతిని నరికారు. ముప్పై ఏళ్లు కూడా నిండలేదాయనకు.

ఆయన్ని మెచ్చుకునేవాళ్లు ఆయన చేసిన పని చేశారా? ఆ సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ జరిగింది. ఆ సమయంలోనూ తర్వాతా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని పండిట్ సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది ముస్లింలే. ఆ నివేదిక దశాబ్దాలపాటు బయటికి రాలేదు. తనవాళ్ల తప్పును తన భాషలో, తన పాఠకుల ముందు పెట్టిన తెలుగు కలాలు ఎన్ని? హిందూ నేతగాళ్లు ముస్లిం నేతగాళ్లకు అడ్డం నిలబడి కాపాడిన సంగతీ ఆ నివేదికలోనే ఉంది. వాళ్లు ఎవరికీ సుద్దులు చెప్పలేదు. మగ్గం పక్కన మగ్గం, అంతే. షోయబుల్లా వారసులెవరని అడిగితే మేం వాళ్లనే చూపిస్తాం.

ఇక మా సంగతి. వేలు అటే చూపించి తప్పుకోలేం. మేం రెండు భాషల్లో రాస్తాం. తెలుగులో మా గోడు, ఉర్దూలో మా గొప్ప. దూదేకులవాళ్లను మనవాళ్లలో తక్కువగా చూస్తున్నామని తెలుగులో రాసి చప్పట్లు కొట్టించుకున్నాం. అదే మాట ఉర్దూలో ఎందుకు రాయలేదు? చాచాలు, మామూలు చదువుతారని కదా! అమ్మాయిల చదువు గురించి సభల్లో మాట్లాడి, ఇంటికొచ్చి అబ్బాయి ఫీజే ముందు కట్టలేదా?

షోయబుల్లా విగ్రహం కాదు, సర్టిఫికెట్ అంతకన్నా కాదు. ఆయన ఒక ప్రశ్న. 'నీ ఇంట్లోవాళ్లు చదివే భాషలో ఏం రాశావు?' మేం జవాబు రాయడం మొదలుపెట్టాం, ఈసారి ఉర్దూలో. మీరు?