ఆ ఆరు గంటలకూ పోటు లెక్క

సిడ్నీ నుంచి నాలుగు గంటలు, ఆక్లాండ్ నుంచి మూడు గంటలు విమానంలో కూర్చుంటే ఫిజీ. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు అంత దగ్గర. పిల్లల సెలవులకు నాండి విమానాశ్రయంలో దిగినవాళ్ళలో చాలామంది చేసే మొదటి పని, డెనరౌ రేవు నుంచి ఏదో ఒక దీవికి ఒక్కరోజు పడవ ప్రయాణం బుక్ చేసుకోవడం. ఉదయం తొమ్మిది ప్రాంతంలో పడవ ఎక్కడం, దీవిలో ఈత, భోజనం, కాస్త నీడన నడుం వాల్చడం, సాయంత్రానికి మళ్ళీ రేవుకు చేరడం. దారి పోను చేతిలో మిగిలేది ఆరు గంటలు, మహా అయితే.

ఆ ఆరు గంటలను ఎలా వాడుకోవాలన్నది నేర్చుకోవలసిన విద్యే. దానికి మొదటి పాఠం ఫొటోలు చూసి దీవిని ఎంచుకోకపోవడం.

ఆ పడవలు వెళ్ళే మమనుకా దీవులు ఇరవై దాకా ఉన్నాయి. సౌత్ సీ ఐలాండ్ అరగంటలో వచ్చేస్తుంది. ట్రెజర్, బీచ్‌కోంబర్ ఆ దారిలోవే. మలోలో, క్యాస్టవే ఇంకా దూరం. మనా చేరేసరికి గంట దాటిపోతుంది. ఎంత దూరం వెళితే అంత అందమని ప్రయాణికులు అనుకుంటారు. ఒక్కరోజు ప్రయాణానికి ఈ లెక్క నప్పదు. దూరం పెరిగితే రాకపోకలు తినేసి ఈతలో గడపాల్సిన సమయమే తరిగిపోతుంది. చిన్నపిల్లలు, పెద్దవాళ్ళు వెంట ఉంటే దగ్గరి దీవే మంచిది.

దూరం కన్నా ముఖ్యమైన లెక్క ఇంకొకటి ఉంది. టికెట్టు కొనేటప్పుడు దాన్ని అడిగేవాళ్ళు తక్కువ. ఆ రోజు పోటు ఎన్నింటికి?

మన తీరప్రాంతపు మత్స్యకారులకు ఇది కొత్త విషయం కాదు. పోటు వచ్చిన ఆరు గంటల చిల్లరకు నీరు దిగి పాటు, మళ్ళీ అంతే సమయానికి పోటు. రోజురోజుకూ సుమారు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతూ ఉంటుంది. పౌర్ణమికీ అమావాస్యకూ నీరు ఎక్కువ ఎక్కి ఎక్కువ దిగుతుంది. అంటే దీవిలో గడిపే ఆరు గంటల్లో సముద్రం ఒక్కసారి మాత్రమే పూర్తిగా ఎక్కుతుంది, లేదా దిగుతుంది. చిన్న దీవుల చుట్టూ పగడపు దిబ్బ పళ్ళెంలా పరుచుకుని ఉంటుంది. నడి పోటులో దాని మీద తేలుతూ పోవచ్చు. పాటు పూర్తయ్యేసరికి అక్కడ నీళ్ళు మోకాలి లోతు కూడా ఉండవు. ఈదలేక జనం దిబ్బ మీద నడవడం మొదలుపెడతారు. కాళ్ళు కోసుకుంటాయి, దశాబ్దాలు పెరిగిన పగడం కాలి కింద విరుగుతుంది. పన్నెండింటికి పోటు ఉన్న రోజు చూసుకుని వెళ్ళినవాళ్ళకు అదే దీవి, అదే టికెట్టు, వేరే సముద్రం. పోటు పట్టిక హోటల్లో అడిగితే చెబుతారు, ఫోన్లోనూ దొరుకుతుంది. మధ్యాహ్నం పాటు పడే రోజు తప్పనిసరైతే ఈత ఉదయమే ముగించి, మిగతా పూట దీవి చుట్టూ ఇసుక మీద నడవడం మేలు.

ఆ ఇసుకను ఒక్క గుప్పెడు తీసుకుని దగ్గరగా చూడాలి. మన గోదావరి ఇసుకలా అది కొండరాతి నుంచి పుట్టలేదు. విరిగిన పగడం ముక్కలు, గవ్వల పొడి, ఎండిన సముద్రపు నాచు రేకలు, మిరియం గింజంత నత్తగుల్లలు అందులో కనిపిస్తాయి. తెల్లటి మెత్తటి భాగంలో చాలావరకు చిలుకచేప పని. చిలుక ముక్కు లాంటి దంతాలతో అది పగడపు రాతిని కొరికి, అందులోని నాచు తిని, రాతిని పొడి చేసి బయటికి వదులుతుంది. స్నార్కెల్ పెట్టుకుని చెవులు నీళ్ళలో ఉంచి కదలకుండా తేలితే ఆ కొరుకుడు శబ్దం స్పష్టంగా వినిపిస్తుంది, చిన్న రొయ్యల చిటపటలతో కలిసి. చాలామంది కాళ్ళు తపతప కొట్టుకుంటూ చేపల వెంటపడి ఈ శబ్దం వినకుండానే ఒడ్డెక్కుతారు.

ఒడ్డున రాళ్ళ మధ్య నలుపు, లేత నీలం పట్టీల పాము కనబడితే అది సముద్రపు పాము. విషం తీవ్రమే, స్వభావం మాత్రం సాధువు. వేట నీళ్ళలో, విశ్రాంతి గట్టు మీద. దాన్ని దాని దారిన పోనిస్తే చాలు. ఒంటికి పూసుకునే సన్‌స్క్రీన్ విషయంలోనూ జాగ్రత్త అవసరం. పగడాలకు హాని చేస్తాయని కొన్ని రసాయనాలున్న సన్‌స్క్రీన్లను పలావు 2020లో, హవాయి 2021లో నిషేధించాయి. పొడుగు చేతుల ఈత చొక్కా వేసుకుంటే సగం పూత అవసరమే ఉండదు.

ఈ దిబ్బలకు యజమానులున్నారని కూడా ప్రయాణికుడికి తెలియాలి. ఫిజీలో ఎనభై శాతానికి పైగా భూమి స్థానిక ఐతౌకేయి వంశాల ఉమ్మడి ఆస్తి. అమ్మడానికి వీల్లేదు, లీజుకు మాత్రం ఇస్తారు. రిసార్టులు చాలావరకు అలా లీజు మీద నడిచేవే. తీరం వెంట చేపలు పట్టుకునే నీళ్ళకు కూడా గోలింగోలి అనే సంప్రదాయ హక్కులున్నాయి. మలోలో దీవిలో ఒక రిసార్టు నిర్మాణానికని పగడపు దిబ్బను తవ్వి కాలువ తీశారు. స్థానికులూ ఇరుగుపొరుగూ పట్టు విడవకుండా పోరాడారు. 2022లో ఫిజీ హైకోర్టు ఆ కంపెనీకి 10 లక్షల ఫిజీ డాలర్ల జరిమానా వేసింది. ఈతకు దిగేవాళ్ళు దిబ్బ మీద నిలబడొద్దని పడవ సిబ్బంది చెప్పే మాట వెనుక ఇంత ఉంది. ఆ సిబ్బందిలో చాలామంది ఆ వంశాల పిల్లలే.

మమనుకా దీవుల నీళ్ళు సాధారణంగా ప్రశాంతంగా ఉండటానికి కారణం ఆగ్నేయ పవనాల నుంచి దొరికే చాటు. విటి లెవు అనే పెద్ద దీవి కొండలు ఆ గాలిని, వానను తూర్పు వైపే ఆపేస్తాయి. పడమర ఎండ పొడి నేల. చెరకు పండేదీ అందుకే. నాండికి ఉత్తరాన లౌతోకాలో చక్కెర మిల్లు 1903లో మొదలైంది.

అదే 1903లో మద్రాసు రేవు నుంచి ఫిజీకి కూలీల ఓడలు బయల్దేరాయి. 1879 నుంచి 1916 వరకు భారతదేశం నుంచి వెళ్ళిన అరవై వేల పైచిలుకు మందిలో సుమారు పదిహేను వేల మంది మద్రాసు నుంచి ఓడ ఎక్కినవాళ్ళు. అందులో విశాఖపట్నం, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్ళు ఉన్నారు. అయిదేళ్ళ ఒప్పందం, చెరకు తోట, లైన్లు అనే కూలీల బారకుల్లో గది. వాళ్ళ సంతతి 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘాన్ని స్థాపించుకుంది. ఒక్కరోజు దీవి ప్రయాణాల గురించి తెలుగులో రాస్తూ వాళ్ళను తలవకపోతే విషయం సగమే చెప్పినట్టు. ఎందుకంటే ఫిజీలో వాళ్ళు మొదట కాలుపెట్టింది కూడా ఒక చిన్న దీవి మీదే.

ఆ దీవి పేరు నుకులావు. రాజధాని సువాకు ఎదురుగా, రేవా నది ముఖద్వారం దగ్గర ఉంది. కొబ్బరిచెట్లు, ఇసుక, చుట్టూ పగడపు దిబ్బ. చూడటానికి ఏ రిసార్టు దీవికీ తీసిపోదు. ఓడ దిగిన కూలీలను అక్కడి డిపోలో ఉంచి, రోగాలు లేవని తేల్చుకుని, తోటలకు పంచేవారు. ఒకే ఊరి నుంచి వచ్చినవాళ్ళు వేర్వేరు తోటలకు అక్కడి నుంచే విడిపోయారు. 2000 సంవత్సరపు తిరుగుబాటు నాయకుడిని బంధించిందీ ఆ దీవిలోనే. ఇప్పుడది సువా వాసుల విహారస్థలం. సెలవు రోజున పడవ మాట్లాడుకుని, వంటసామాను వేసుకుని వెళతారు.

రెండు రోజులు చేతిలో ఉన్న తెలుగు కుటుంబం ఒకరోజు మమనుకాకు, ఒకరోజు నుకులావుకు ఇస్తే బాగుంటుంది. నాండి నుంచి సువాకు క్వీన్స్ రోడ్డు మీద నాలుగు గంటల ప్రయాణం కాబట్టి రాత్రికి సువాలో బస తప్పదు. వాన ఎక్కువ పడే ఊరు. మే నుంచి అక్టోబరు వరకు నయం. నుకులావులో రిసార్టు లేదు, నీళ్ళూ తిండీ వెంట తీసుకెళ్ళాలి. ఇంకో రోజు వీలైతే నుకులావు కన్నా ముందు సువాలోని జాతీయ ఆర్కైవ్స్‌కు వెళ్ళాలి. ఓడ ఎక్కిన ఒక్కొక్కరి పేరు, తండ్రి పేరు, ఊరు, జిల్లా, ఎత్తు, ఒంటిమీది గుర్తులు రాసిన ఎమిగ్రేషన్ పాసుల రికార్డులు అక్కడ ఉన్నాయి. ఫిజీ కుటుంబాలు తమ పూర్వీకుల ఊళ్ళను వెతుక్కుంటూ ఆంధ్రకు వచ్చేది ఆ పాసుల ఆధారంగానే. ఆర్కైవ్స్‌కు ముందే రాసి సమయం తీసుకుని, నుకులావు పడవను మర్నాటి పోటు వేళకు మాట్లాడుకుంటే రెండు పనులూ సాగుతాయి.